ఫ్యాక్టరీలో క్వాలిటీ చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, ట్రెయినీగా చేరి మూడు నెలలైనవాళ్లు, ప్రొడక్షన్ నుంచి క్యూఏ (క్వాలిటీ అస్యూరెన్స్)లోకి మారాలనుకునేవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. నేను హైదరాబాద్ చుట్టుపక్కల ట్యాబ్లెట్ ప్లాంట్లలో పనిచేసినదాన్ని. అందుకే ఉదాహరణలు ఎక్కువగా మందుల వైపు నుంచే ఉంటాయి. ఆటో విడిభాగాల వైపు వెళ్లేవాళ్లకు కావలసింది కూడా అక్కడక్కడా చెప్పాను.

క్యూఏ, క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) రెండూ ఒకటేనా?

కాదు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం కదా. ఆ మెతుకు పట్టి చూడడం క్యూసీ. ఏ బియ్యం, ఎన్ని నీళ్లు, ఎంత మంట, ఎంతసేపు అన్నది రోజూ ఒకేలా జరిగేట్టు చూడడం క్యూఏ.

ఈ సామెతను ఇంకాస్త లోతుగా చూడండి. ఒక్క మెతుకు మొత్తం కుండ సంగతి ఎందుకు చెప్పగలుగుతుంది? మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి. మూడు లక్షల ట్యాబ్లెట్ల బ్యాచ్ నుంచి ఇరవై తీసి బరువు చూస్తాం. మిగతావాటి తరఫున ఆ ఇరవై మాట్లాడాలంటే పౌడర్ అంతా సమంగా కలిసి ఉండాలి, మెషీన్ మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున నడిచి ఉండాలి. అలా జరగకపోతే ఆ ఇరవై పాసైనా మనకు తెలిసింది ఆ ఇరవై సంగతే. అలా జరిగేట్టు చూడడమే క్యూఏ పని.

మరి ఇన్ని కాగితాలు ఎందుకు? రోజంతా సంతకాలేనా?

మొదట్లో నాకూ విసుగొచ్చేది. కానీ ఈ సంగతి వినండి. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందును పిల్లలు కూడా తాగేట్టు సిరప్‌గా చేయాలనుకుంది. అది కరగడానికి డైఇథైలీన్ గ్లైకాల్ వాడారు. రంగు చూశారు, రుచి చూశారు, వాసన చూశారు. విషమా కాదా అన్నది మాత్రం చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మందు అమ్మే ముందు అది సురక్షితమని చూపించాలన్న చట్టం మరుసటి ఏడాది, 1938లో వచ్చింది.

మీ చేతిలో ఉండే బ్యాచ్ రికార్డులో ప్రతి గడి వెనుకా ఇలాంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. ముడి సరుకు లాట్ నంబరు ఎందుకు రాస్తున్నామో తెలిసిన మనిషి దాన్ని వేరే శ్రద్ధతో రాస్తాడు. కాబట్టి ఎస్ఓపీ (పని ఎలా చేయాలో స్టెప్పులుగా రాసిన కాగితం) చదివేటప్పుడు ప్రతి స్టెప్ దగ్గరా ‘ఇది లేకపోతే ఏమవుతుంది?’ అని అడుగుతూ చదవండి. కంఠతా పట్టినా ఇంత గుర్తుండదు.

ఏం చదివితే ఈ రంగంలోకి రావచ్చు?

ఫార్మాలోకైతే బీఫార్మసీ నేరుగా దారి. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు ఎక్కువగా క్యూసీ ల్యాబ్‌లో మొదలుపెట్టి తర్వాత క్యూఏకి వస్తారు. ఎంఫార్మసీలో ఫార్మాస్యూటికల్ క్వాలిటీ అస్యూరెన్స్ ప్రత్యేకంగా ఒక స్పెషలైజేషన్. దానికి జీప్యాట్ గానీ, మన రెండు రాష్ట్రాల్లో పీజీఈసెట్ గానీ రాయాలి. హైదరాబాద్ బాలానగర్‌లో నైపర్ అనే కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యా సంస్థ ఉంది.

ఆటో, ఇంజినీరింగ్ వైపు డిప్లొమా మెకానికల్, బీటెక్ మెకానికల్ లేదా ప్రొడక్షన్. డిప్లొమావాళ్లు తక్కువ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మైక్రోమీటర్ చేతిలో పట్టుకుని ఏళ్లపాటు పనిచేసిన డిప్లొమా కుర్రాడికి కొలత గురించి తెలిసినంత పుస్తకాల్లో ఉండదు.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు చాలామంది వినని చోటు ఒకటుంది. అది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. మన హబ్సిగూడలోనే దాని శాఖ ఉంది. క్వాలిటీ మేనేజ్‌మెంట్ సైన్స్‌లో రెండేళ్ల పీజీ కోర్సు ఆ సంస్థ నడుపుతుంది. ప్రవేశ పరీక్ష కష్టమే, కానీ ప్రయత్నించి చూడదగ్గది.

డబ్బు పెట్టలేనివాళ్లకు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

ఫార్మా, ఆటో రెండింట్లో ఏది ఎంచుకోవాలి?

ఇంటికి దగ్గరగా ఏ ప్లాంట్లు ఉన్నాయో కూడా చూసుకోవాలి, అందులో తప్పేం లేదు. పాశమైలారం, జడ్చర్ల, పరవాడ, అచ్యుతాపురం అయితే మందులు, రసాయనాలు. శ్రీసిటీ, పెనుకొండ వైపు కార్లు, వాటి విడిభాగాలు.

పని స్వభావంలో తేడా ఇది. ఫార్మాలో ఒకసారి అనుమతి తీసుకున్న పద్ధతిని మార్చాలంటే ఛేంజ్ కంట్రోల్ (మార్పుకు అనుమతి కోరే కాగితం) తెరవాలి, కొన్నిసార్లు డ్రగ్ అధికారుల అనుమతి దాకా వెళ్లాలి. అందుకే మార్పు నెమ్మది. ఆటోలో ఏటా ఖర్చు తగ్గించమని కొనే కంపెనీ అడుగుతుంది, అందుకే రోజూ ఏదో ఒక చిన్న మార్పు జరుగుతూనే ఉంటుంది. కంటిన్యూయస్ ఇంప్రూవ్‌మెంట్ (నిరంతర మెరుగుదల) నేర్చుకోవడానికి ఆటో మంచి బడి. రికార్డు క్రమశిక్షణ నేర్చుకోవడానికి ఫార్మా మంచి బడి. ఆటోకి వెళ్లేవాళ్లు ఐఏటీఎఫ్ 16949 అనే ప్రమాణాన్ని, దానితో వాడే ఏపీక్యూపీ, పీపీఏపీ, ఎఫ్‌ఎంఈఏ, ఎంఎస్‌ఏ, ఎస్‌పీసీ అనే అయిదు పద్ధతులనూ చదవాలి. ఫార్మాకి వెళ్లేవాళ్లు మన దేశపు మందుల తయారీ నియమాలున్న షెడ్యూల్ ఎం చదవాలి. అది 2023 చివర్లో మారింది, పాత నోట్సు పనికిరాదు. దానితో పాటు ఐసీహెచ్ క్యూ9, క్యూ10 అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు.

లెక్కలంటే భయం. స్టాటిస్టిక్స్ ఎంత రావాలి?

సగటు, స్టాండర్డ్ డీవియేషన్, భాగహారం. మొదటి రెండేళ్లకు నిజంగా ఇంతే. ఒక లెక్క చేసి చూపిస్తాను, పెన్ను తీసుకుని మీరూ చేయండి.

500 మిల్లీగ్రాముల ట్యాబ్లెట్. అనుమతించిన తేడా 5 శాతం, అంటే 475 నుంచి 525 వరకు. మెషీన్ నుంచి వచ్చిన ట్యాబ్లెట్ల సగటు బరువు 508, స్టాండర్డ్ డీవియేషన్ 5 అనుకుందాం. రెండు హద్దుల మధ్య దూరం 50. దాన్ని 5కి ఆరు రెట్లు, అంటే 30తో భాగిస్తే 1.67 వస్తుంది. దీన్ని సీపీ అంటారు. బాగుంది. కానీ సగటు 500 దగ్గర లేదు, పైకి జరిగి ఉంది. పై హద్దుకు మిగిలింది 17 మాత్రమే. దాన్ని 5కి మూడు రెట్లు, అంటే 15తో భాగిస్తే 1.13. ఇది సీపీకే. చాలాచోట్ల కనీసం 1.33 ఉండాలంటారు.

ఇప్పుడు ఆలోచించండి. తూచిన ట్యాబ్లెట్లలో ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదు. రిజిస్టర్‌లో అన్నీ ‘పాస్’. అయినా మెషీన్ ఒక పక్కకు ఒరిగిందని ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. సీపీ బాగుండి సీపీకే తగ్గిందంటే మెషీన్‌కి సత్తా ఉంది, సెట్టింగ్ సరిగ్గా లేదు. ఫిల్ డెప్త్ (అచ్చులోకి పౌడర్ దిగే లోతు) కాస్త తగ్గించి సగటును 500కి తెస్తే చాలు. రెండూ తగ్గితే మాత్రం సెట్టింగ్‌తో తీరేది కాదు. పౌడర్, పంచ్‌లు, ఫీడర్, అన్నీ చూడాల్సిందే. ఒక భాగహారం మనల్ని సరైన తలుపు దగ్గరికి తీసుకెళ్లింది. అందుకే స్టాటిస్టిక్స్ అంటే నాకు అంత ఇష్టం.

ఇంకొక్క మాట. స్పెసిఫికేషన్ హద్దులు వేరు, కంట్రోల్ హద్దులు వేరు. మొదటివి ట్యాబ్లెట్ ఎలా ఉండాలో చెబుతాయి, రెండోవి మన మెషీన్ ఎలా నడుస్తోందో చెబుతాయి. ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

ఈ చదువంతా జపాన్, అమెరికాలదేనా? మన దగ్గర ఏమీ లేదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను సంతోషంగా, కాస్త ఎక్కువసేపే చెబుతాను.

ఆ కంట్రోల్ హద్దులతో మెషీన్ తీరు చూపించే కంట్రోల్ చార్టును 1924లో వాల్టర్ షూహార్ట్ అమెరికాలో, టెలిఫోన్ పరికరాలు తయారుచేసే కంపెనీలో మొదట గీశారు. అమెరికా స్టాటిస్టిషియన్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజినీర్లకు, కంపెనీ పెద్దలకు పాఠాలు చెప్పారు. ఇంతవరకు అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. అయితే షూహార్ట్ అంతకు ముందే, 1947–48లో, మహలనోబిస్ పిలుపు మీద మన దేశానికి వచ్చారు. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను 1931లో స్థాపించింది ఆ మహలనోబిసే. క్వాలిటీ కంట్రోల్‌ను మన ఫ్యాక్టరీలకు పరిచయం చేసింది కూడా ఆ సంస్థే.

అదే సంస్థలో మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా వెళ్లారు. ప్రయోగాలు తక్కువ చేసి ఎక్కువ తెలుసుకునే ఆర్థోగోనల్ ఎర్రేస్ అనే అమరికను 1947లో ప్రచురించింది ఆయనే. ఒక ట్యాబ్లెట్ గట్టిదనం మీద ఏడు అంశాల ప్రభావం ఉందనుకోండి. ఒక్కోదానికి రెండు స్థాయిలు పెడితే అన్ని కలయికలూ చూడ్డానికి 128 బ్యాచ్‌లు కావాలి. ఆ అమరికతో ఎనిమిదింటితోనే ఏ అంశం ముఖ్యమో తేలుతుంది. జపాన్‌కు చెందిన టాగుచి 1950లలో ఈ సంస్థలో కొంతకాలం గడిపారు. తర్వాత ఇవే అమరికలను పరిశ్రమల్లో విస్తృతంగా వాడి పేరు పొందారు. ‘టాగుచి పద్ధతి’ అని పాఠంలో వచ్చినప్పుడు దాని కింద ఒక తెలుగు పేరు ఉందని గుర్తుంచుకోండి. సి.ఆర్. రావు గారు 2023లో నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

కార్మికులే చిన్న బృందాలుగా కూర్చుని తమ పనిలోని సమస్యలు తీర్చుకునే క్వాలిటీ సర్కిళ్ల సంగతీ ఇంతే. జపాన్‌లో 1962లో మొదలయ్యాయి. మన దేశంలో వాటికి పుట్టిల్లు హైదరాబాద్ దగ్గరి రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, 1980ల మొదట్లో. ఆ ఉద్యమం కోసం 1982లో ఏర్పడ్డ క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా కేంద్రం సికింద్రాబాద్. డెమింగ్ పేరుతో జపాన్‌లో ఇచ్చే క్వాలిటీ బహుమతి, డెమింగ్ ప్రైజ్ తెచ్చుకున్న తొలి భారతీయ కంపెనీ చెన్నై దగ్గరి సుందరం క్లేటన్, 1998లో.

కంటిన్యూయస్ ఇంప్రూవ్‌మెంట్ అంటే సజెషన్ బాక్స్, పోస్టర్లు, 5ఎస్ (పనిచోటు సర్దిపెట్టే) పోటీలేనా?

అలా నడిపే చోట్లు ఉన్నాయి. కానీ అసలు పని అది కాదు. నాకు అర్థమైన రోజు గురించి చెబుతాను.

నేను చేరిన కొత్తలో మా ప్లాంట్‌లో ఒక ట్యాబ్లెట్ బరువు తగ్గుతోందని డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న నమోదు) వచ్చింది. విచారణ చేశాం. కారణం గడిలో ‘ఆపరేటర్ అజాగ్రత్త’, దిద్దుబాటు గడిలో ‘రీట్రైనింగ్ ఇచ్చాం’. రెండు నెలల్లో మళ్లీ వచ్చింది, మళ్లీ అదే రాశాం. ఆ రెండోది రాసింది నేనే. మూడోసారి కూడా అదే జరిగింది. ఆ ఆపరేటర్‌కి మెమో కూడా ఇచ్చారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాలుగోసారి మా సీనియర్ మేడం ఫైలు మూసేసి, “రేపు బీ షిఫ్ట్‌కి నువ్వే వెళ్లి ఆ మెషీన్ పక్కన నిలబడు. ఏమీ రాయకు, చూడు అంతే” అన్నారు. వెళ్లాను. అరగంటకోసారి బరువులు చూస్తున్నారు. ఏడున్నర దాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదింటికి సగటు జారింది. ఆ మధ్యలో ఏం జరిగింది? హెల్పర్ భోజనానికి వెళ్లాడు. పౌడర్ పోసేవాళ్లు లేక మెషీన్ పైనుండే తొట్టి, అంటే హాపర్, సగానికి పైగా ఖాళీ అయింది. పైనుంచి పౌడర్ బరువు తగ్గేసరికి డైలోకి, అంటే ట్యాబ్లెట్ అచ్చులోకి, దిగేదీ తగ్గింది. నేను చూస్తున్నది గమనించి ఆపరేటర్ అన్నాడు: “హాపర్ ఖాళీ అయితే బరువు పడిపోద్ది మేడం. మాకు తెలుసు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.”

హాపర్ అద్దం మీద ఎర్ర గీత గీశాం, అంతకంటే కిందికి దిగితే మెషీన్ ఆపాలి. భోజనం వేళ బదులు మనిషిని పెట్టాం. తర్వాత లెవెల్ సెన్సర్ వచ్చింది. మొదటి రెండింటికీ ఛేంజ్ కంట్రోల్ కాగితాలు తప్ప ఖర్చేమీ కాలేదు. ఆ బరువు సమస్య మళ్లీ రాలేదు. నలుగురు ఆపరేటర్లను కూర్చోబెట్టి ఇచ్చిన మూడు ట్రైనింగులు చేయలేని పని ఒక గీత చేసింది.

మూల కారణం వెతకడానికి ఫైవ్ వై, ఫిష్‌బోన్ రాస్తున్నాం కానీ ప్రతిసారీ ‘మనిషి తప్పు’ దగ్గరే ఆగిపోతోంది. ఏం చేయాలి?

టేబుల్ దగ్గర కూర్చుని రాస్తే అక్కడే ఆగుతుంది. మెషీన్ దగ్గర నిలబడి రాయండి. ‘మనిషి తప్పు చేశాడు’ అన్నది జవాబు అనుకోకండి, అది తర్వాతి ప్రశ్నకు మొదలు. అతని చోట ఇంకొకరుంటే ఆ తప్పు జరిగేది కాదా? జరిగేదే అయితే కారణం మనిషి కాదు. లేబుళ్లు ఒకేలా ఉన్నాయా, వెలుతురు చాలదా, ఒకే మనిషి రెండు మెషీన్లు చూస్తున్నాడా, ఎస్ఓపీలో రాసిన పద్ధతి నిజంగా చేయడానికి వీలైనదేనా? ‘రీట్రైనింగ్’ ఒక్కటే దిద్దుబాటుగా ఉన్న కాపాను (దిద్దుబాటు, నివారణ చర్యల కాగితాన్ని) నేను సంతకం పెట్టకుండా వెనక్కి పంపేదాన్ని.

సిక్స్ సిగ్మా బెల్ట్ ఉంటే ఉద్యోగం వస్తుందా?

బెల్ట్ అంటే సిక్స్ సిగ్మా పద్ధతిలో ఇచ్చే సర్టిఫికెట్ స్థాయి. అదొక్కటే ఉంటే రాదు. 1986లో మోటరోలాలో పుట్టిన పద్ధతి ఇది. పది లక్షల అవకాశాల్లో 3.4 లోపాలు అన్నది దాని లక్ష్యం. పద్ధతి మంచిదే. కానీ రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసుతో ఇచ్చే బ్లాక్ బెల్ట్ కోసం ఇంట్లోవాళ్లు అప్పు చేసి కట్టే ఫీజు చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఉద్యోగంలో చేరి, ఒక నిజమైన సమస్యను తీర్చి, ఆ ప్రాజెక్టుతో గ్రీన్ బెల్ట్ తీసుకోండి. చాలా కంపెనీలు తామే కట్టి నేర్పిస్తాయి.

‘నిన్న రాయడం మరిచిపోయాం, నిన్నటి తేదీతో సంతకం పెట్టు’ అంటే ఏం చేయాలి?

పెట్టకండి. చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. కొత్త ఉద్యోగం, ఎదురుగా సీనియర్, పక్కన డిస్పాచ్ టెన్షన్. అందుకే మాటలు ముందే సిద్ధం చేసుకోండి: “సార్, ఇవాళ్టి తేదీతో ఆలస్యంగా రాసిన ఎంట్రీ అని రాసి, కారణం కూడా రాస్తాను.” ఇది ఎదురు చెప్పడం కాదు, దారి చూపించడం. ఎక్కువసార్లు ఒప్పుకుంటారు.

తప్పు అంకె పడితే ఒక్క గీత కొట్టండి. పాత అంకె కనిపించాలి. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం. వైట్‌నర్ డ్రాయర్‌లో కూడా ఉండకూడదు. చిత్తు కాగితం మీద రాసుకుని తర్వాత రికార్డులోకి ఎక్కించడం కూడా తప్పే. రాత్రి షిఫ్ట్ ఎనిమిది గంటల పొడవునా వేర్వేరు సమయాల్లో నింపాల్సిన టెంపరేచర్ షీట్ మొత్తం ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒకే వరసలో ఉంటే అనుభవమున్న ఇన్‌స్పెక్టర్‌కి పేజీ తిప్పగానే తెలుస్తుంది.

ల్యాబ్‌లో ఫలితం హద్దు దాటితే పాసయ్యే దాకా మళ్లీ మళ్లీ టెస్ట్ చేయడమూ ఇలాంటిదే. 1993లో అమెరికాలో బార్ ల్యాబరేటరీస్ కేసులో కోర్టు దీన్ని తప్పుపట్టింది. ముందు కారణం వెతకాలి, ఆ తర్వాతే రెండో టెస్ట్.

ఆడిట్ అంటే చేతులు వణుకుతాయి. ఎలా?

అడిగినదానికే జవాబివ్వండి. తెలియకపోతే “ఎస్ఓపీ చూసి చెబుతాను” అనండి, అది తప్పు కాదు. ఊహించి మాత్రం చెప్పకండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు లోపాలను 483 అనే ఫారంలో రాసిస్తారు. కంపెనీ 15 పనిదినాల్లో జవాబిస్తే తర్వాతి నిర్ణయానికి ముందు వాళ్లు దాన్ని పరిగణిస్తారు. ఆ పదిహేను రోజులూ ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు.

తెలుగు మీడియం నుంచి వచ్చాను. ఇంగ్లీషు అడ్డమవుతుందా?

రాయడానికి ఇంగ్లీషు కావాలి, నేర్చుకోవాలి. డీవియేషన్ రిపోర్టు చిన్న చిన్న వాక్యాల్లో రాస్తే చాలు: ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు. అలంకారాలు అక్కర్లేదు.

కానీ మీ తెలుగు ఇక్కడ పెద్ద బలం. ఎస్ఓపీ ఇంగ్లీషులో ఉంటుంది, దాని ప్రకారం మెషీన్ నడిపేవాళ్లలో చాలామందికి తెలుగే సుఖం. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లకు హిందీ. ‘చదివాను, అర్థమైంది’ అని సంతకం పెట్టించుకుని వచ్చేయడం ట్రైనింగ్ కాదు. క్లీనింగ్ ఎస్ఓపీని తెలుగులో వివరించి, చేసి చూపించి, ఎదురుగా వాళ్లతో చేయించిన ట్రెయినీలే లైన్‌లో నమ్మకం సంపాదించడం నేను చూశాను.

చేరిన మొదటి నెలలో ఏం చేయాలి?

ఒక్క ప్రొడక్టును ఎంచుకోండి. ముడి సరుకు గేటు దాటిన దగ్గర నుంచి కార్టన్ లారీ ఎక్కే దాకా దాని వెంట నడవండి. బ్యాచ్ రికార్డు పట్టుకుని, రాసింది జరుగుతోందా, జరిగేది రాస్తున్నారా చూడండి. పాత డీవియేషన్లు ఒక ఏడాదివి అడిగి చదవండి, ఏవి తిరిగి తిరిగి వస్తున్నాయో విడిగా రాసుకోండి. ఆ తర్వాత టీ టైమ్‌లో, చేతిలో ఫైలు లేకుండా, ఆ మెషీన్ నడిపే అన్ననో ప్యాకింగ్‌లో ఉన్న అక్కనో “ఇది ఎప్పుడు మొరాయిస్తుంది?” అని అడగండి.